తరలించారా, ఎత్తుకుపోయారా?

ఆ రోజుల్లో కంప్యూటరు ముందు కూర్చోవడం వచ్చిన ప్రతివాడూ బాగుపడిపోతాడని లోకమంతా నమ్మింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ మొరాయిస్తాయని మమ్మల్ని భయపెట్టినవాళ్ళే, అవి మామూలుగా పనిచేసేసరికి, ఇక మీదట కూరగాయల దగ్గర్నుంచి పెళ్ళిళ్ళ దాకా అన్నీ ఇంటర్నెట్లోనే జరుగుతాయని ఆశపెట్టడం మొదలుపెట్టారు. ఆ ఆశ తగిలినవాళ్ళలో నేనొకణ్ణి. తెనాలి పక్కన ఒక పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి, సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళి, ఒక ఇరుకు మేడ మీద జావా నేర్చుకుని, ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, మెడలో టై బిగించుకుని సింగపూర్ విమానం ఎక్కాను. (విమానం ఎక్కేటప్పుడు టై కట్టుకోవాలని నాకెవరు చెప్పారో ఇప్పటికీ గుర్తు రావడం లేదు. పక్క సీటాయన నన్ను విమానం సిబ్బంది అనుకుని మంచినీళ్ళు అడిగాడు.) ప్రపంచాన్ని మార్చేసే ప్రోగ్రాములు రాయబోతున్నానని నా నమ్మకం. చివరికి నేను రాసిందేమిటంటే, నేనెప్పుడూ చూడని అమెరికాలో నేనెప్పుడూ పేరు వినని ఒక ఊరి చరిత్ర, ఆ ఊరి చుట్టూ ఉన్న జిల్లా చరిత్ర. పోనీ అదైనా సాఫీగా రాశానా అంటే, అదీ లేదు. ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆ వాక్యంలో కూడా ఒక్క క్రియాపదం దగ్గర.

హౌగాంగ్‌లో ఒక ఫ్లాట్‌లో గది దొరికింది. ఆ గదిలో నాకంటే ముందు నుంచీ ఉన్నతను హైదరాబాదు పాతబస్తీ మనిషి. అందరూ భాయ్ అనేవాళ్ళు, నేనూ భాయ్ అనే అన్నాను. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకి కంప్యూటర్లు చూసే పని అతనిది. మా ఆఫీసూ ఆ పక్కనే. అప్పటికి మా హౌగాంగ్ దాకా రైలు రాలేదు కనక ఇద్దరం పొద్దున్నే బస్సులో వేలాడుతూ వెళ్ళేవాళ్ళం. మా కంపెనీ యజమాని నాకంటే ఏమంత పెద్ద కాదు, చైనీస్ కుర్రాడు. అక్కడ యజమానిని టౌకే అంటారు. అది బియ్యం కొట్ల వాళ్ళకీ హోటళ్ళ వాళ్ళకీ వాడే మాట, ఇంటర్నెట్ కంపెనీ వాడికి అంతగా నప్పదు గాని, అతనికి ఆ పిలుపంటే మోజు. మొదటి రోజు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని నా కాగితాలు తిరగేశాడు.

"లెక్చరర్ అని ఉంది. లెక్చర్ వాట్?" అన్నాడు.

"ఎలక్ట్రికల్ మెషీన్స్."

"నెవర్ మైండ్ లా. లెక్చరర్ ఈజ్ లెక్చరర్. నౌ యూ ఆర్ హిస్టోరియన్. కెన్?"

సింగపూర్‌లో ఎవరైనా 'కెన్?' అంటే 'కెన్' అనాలని భాయ్ ముందే నేర్పాడు. 'కెన్' అన్నాను. నా జీవితంలో ఇంత చిన్న మాటకి ఇంత పెద్ద శిక్ష మరోసారి పడలేదు.

సంగతేమిటంటే, ఈ టౌకే ఏదో ప్రదర్శనలో ఒక అమెరికా జిల్లా అధికారిని కలిసి, మీ జిల్లా చరిత్రంతా ఇంటర్నెట్లో పెట్టేస్తాం, మా దగ్గర అమెరికా చరిత్రలో ఆరితేరిన ప్రొఫెసరు ఉన్నాడు అని చెప్పి పని తెచ్చుకున్నాడు. ఆ ప్రొఫెసరు ఎవరో నేను చేరే దాకా అతనికీ తెలియదు. మిగతా ఇద్దరు ప్రోగ్రామర్లు షాంఘై వాళ్ళు, ఇంగ్లీషు రాయమంటే నవ్వి ఊరుకునేవాళ్ళు. "యువర్ ఇంగ్లీష్ పవర్‌ఫుల్," అని నా భుజం తట్టి, అట్టపెట్టెల నిండా పాత ఫోటోలూ పత్రికల ముక్కలూ నా బల్ల పక్కన దింపించాడు టౌకే. జావా నేర్చుకున్నానని నేను గుర్తు చేస్తే, "లేటర్, లేటర్," అన్నాడు.

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. మన జిల్లాకి కలెక్టరాఫీసు ఉన్న ఊరు ఎలాగో, వాళ్ళ కౌంటీకి కచేరీ ఉన్న ఊరు అలాగ. కోర్టూ, భూముల కాగితాలూ, పెత్తనమూ అన్నీ అక్కడే. నాకు అప్పజెప్పిన కౌంటీలో నదికి అటొకటీ ఇటొకటీ రెండు ఊళ్ళు. నదికి తూర్పున ఉన్నది మొదట పుట్టింది, ఇప్పుడు చిన్నది. పడమట ఉన్నది తర్వాత పుట్టి, రైలు రావడంతో పెరిగి పట్నమైంది. వాటి అసలు పేర్లు చెప్పను. చెబితే ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారని భయం. పాతూరు, పెద్దూరు అందాం. భాయ్‌కీ నాకూ మధ్య అవే పేర్లు.

మొదటి ఫోను పెద్దూరు నుంచి వచ్చింది. చేసినావిడ రిటైరైన స్కూలు టీచరు, ఆ కౌంటీ చరిత్ర సంఘానికి పెద్ద. ఆవిణ్ణి నేను టీచరమ్మ అనుకునేవాణ్ణి. నేను ఆఫీసుకొచ్చి కుర్చీలో కూర్చోగానే ఫోను మోగేది. నాకు పొద్దున, ఆవిడకి ఇంకా నిన్నటి సాయంత్రం. నేనెప్పుడూ రేపటి నుంచి మాట్లాడుతున్నానని ఆవిడకి మహా సరదా.

"ప్రొఫెసర్, రేపు ఎలా ఉంది?" అనేది.

"బాగాలేదండీ," అనేవాణ్ణి, ఉన్నమాటే. ఆవిడ అది హాస్యం అనుకుని నవ్వేది.

నవ్వడం అయ్యాక తప్పులు చెప్పడం మొదలయ్యేది. ఉన్ని మిల్లు కట్టింది అన్న కాదు, తమ్ముడు. వంతెన కూలింది వరద వల్ల కాదు, పశువుల మంద వల్ల. ఈ ఫోటోలో గడ్డం ఉన్నాయన మేయరు కాదు, మేయరుని ఓడించినాయన. నేను రాసుకునేవాణ్ణి. పదో తరగతిలో మొగలాయి చక్రవర్తుల వరసే గుర్తుండని నాకు, ఎక్కడో మంచు దేశంలో ఒక ఊరికి వరసగా వచ్చిన మేయర్ల పేర్లన్నీ కంఠతా వచ్చేశాయి. బస్సులో కళ్ళు మూసుకుంటే పెద్దూరు మెయిన్ వీధి కనిపించేది. కుడి చేతి పక్క మందుల షాపు, దాని పైన దంతవైద్యుడు, ఆ తర్వాత కాలిపోయిన నాటకశాల. కళ్ళు తెరిస్తే హౌగాంగ్ బ్లాకులు. ఇంటికి ఫోను చేస్తే మా అమ్మ, "ఏం పని చేస్తన్నావురా అక్కడ?" అని అడిగేది. కంప్యూటరు పనే అమ్మా అనేవాణ్ణి. "మన పక్కింటి పంతులు గారబ్బాయి కూడా అదే చేస్తన్నాడంట, వాడు చిక్కిపోలేదు, నీ గొంతేంటి అట్టా ఉంది?" అనేది. పక్కింటి వాడు జావా రాస్తున్నాడని, నేను ఉన్ని మిల్లు రాస్తున్నానని ఆవిడకెలా చెప్పను?

అయినా అన్నీ ఓర్చుకునేవాణ్ణి, ఆ ఆదివారం సంగతి రాకపోతే. జరిగింది ఇది. (జరిగిందని నేనంటున్నాను. ఏం జరిగిందన్నదే గొడవ.) మొదట కచేరీ పాతూళ్ళో ఉండేది. పెద్దూరు పెరిగాక, కచేరీ మాకు కావాలన్నారు. ఓట్లు పెట్టారు. పెద్దూరు గెలిచింది. పెద్దూరు శ్మశానంలో ఉన్నవాళ్ళు కూడా వచ్చి ఓటు వేసి వెళ్ళారని పాతూరు వాళ్ళు కేసు పెట్టారు. ఆ కేసు తేలకముందే, ఒక చలికాలం ఆదివారం, పాతూరు ఊరు ఊరంతా చర్చిలో ప్రార్థనలో ఉండగా, పెద్దూరు మగవాళ్ళు గుర్రబ్బళ్ళు కట్టుకుని గడ్డకట్టిన నది మీదుగా వచ్చారు. కచేరీ తలుపులు తెరిచి, కాగితాల బీరువాలూ, జడ్జీ గారి కుర్చీ, చలి కాచుకునే పొయ్యితో సహా బళ్ళలో వేసుకుని వెళ్ళిపోయారు. నది మధ్యలో మంచు పగిలి ఒక బండి కుంగింది. ఒక పెట్టె మునిగిపోయింది. చర్చి నుంచి బయటికొచ్చిన పాతూరు వాళ్ళకి బళ్ళు అవతలి ఒడ్డు ఎక్కుతుండడం కనపడింది గాని, అప్పటికి చేయగలిగిందేమీ లేదు. కచేరీ మరి తిరిగి రాలేదు. పాతూరు అప్పట్నుంచీ పెరగడం మానేసింది.

ఇంత కథ ఆ అట్టపెట్టెల్లో కనపడగానే నా ప్రాణం లేచొచ్చింది. మేయర్ల మధ్య ఎండిపోయిన నాకు అది వాన. కూర్చుని ఒక పేరా రాశాను. "ఆ ఆదివారం పెద్దూరు పౌరులు పాతూరు కచేరీని తరలించారు" అని మర్యాదగా మొదలుపెట్టాను. టీచరమ్మ చదివి చాలా సంతోషించింది. 'తరలించారు' తర్వాత 'చట్టప్రకారం' అని ఒక్క మాట చేర్చమంది, కచేరీ మార్చమన్న ఆర్డరు అప్పటికే వాళ్ళ చేతిలో ఉందట. మర్నాడు పొద్దున మళ్ళీ ఫోను మోగింది. ఈసారి మగగొంతు, దగ్గుతో కలిసి.

ఆయన పాతూళ్ళో చాలాకాలం ఇనప సామాన్ల కొట్టు నడిపిన పెద్దాయన. చరిత్ర సంఘంలో పాతూరు తరఫున ఉన్నది ఆయనొక్కడే. (ఆయన ఇంగ్లీషు నాకెప్పుడూ మా తెనాలి పక్క యాసలోనే వినపడేది. అలాగే రాస్తున్నాను.)

"ఏమయ్యా అబ్బాయ్, తరలించారు అని రాశావంట?"

"అవునండీ."

"మీ ఇంట్లో మంచం ఒకడొచ్చి నువ్వు గుళ్ళో ఉన్నప్పుడు ఎత్తుకుపోతే, మంచాన్ని తరలించాడు అంటావా?"

"అననండీ."

"మరింకేం? ఎత్తుకుపోయారు అని రాయి. ఉన్నది ఉన్నట్టు."

రాశాను. టీచరమ్మ ఫోను. ఆవిడ గొంతులో మొదటిసారి రేపటి గురించి సరదా లేదు. "ప్రొఫెసర్, మా ముత్తాత ఆ బళ్ళలో ఒకటి తోలాడు. ఆయన దొంగ అని ప్రపంచమంతా చదవాలా?" అంది. చదవకూడదన్నాను. మళ్ళీ 'తరలించారు' పెట్టాను. పెద్దాయన ఫోను. ఆయన ముత్తాత ఆ కచేరీకి కాపలాదారుట. ఆదివారం కదా అని ప్రార్థనకి వెళ్ళి, బతికినంత కాలం ఆ మాట పడ్డాడట. "ఆయన నిద్రపోలేదు, తాగలేదు, దేవుడి దగ్గరికి పోయాడు. అది కూడా రాయి," అన్నాడు పెద్దాయన.

ఇదంతా నవ్వులాటగా ఉండేది, నా మెడకి చుట్టుకోకపోయి ఉంటే. సైటు బాగుంది, ఒప్పుకున్నాం అని చరిత్ర సంఘం సభ్యులందరూ సంతకాలు పెడితేగాని టౌకేకి పని పూర్తయినట్టు కాదు. పని పూర్తయితేగాని కంపెనీ నిలబడదు. సింగపూర్‌లో మాబోటి వాళ్ళకి ఉద్యోగానికి ఇచ్చే పాస్ కంపెనీని అంటిపెట్టుకుని ఉంటుంది, అది లేకపోతే ఇదీ లేదు. పైగా నా పాస్ గడువు దగ్గరపడింది. ఈలోగా లోకం మనసు మార్చుకుంది. ఇంటర్నెట్ కంపెనీలు ఒక్కొక్కటే మూతపడడం మొదలైంది. మా ఆఫీసులో మొదట కుండీల్లో మొక్కలు మాయమయ్యాయి, తర్వాత మంచినీళ్ళ మెషీను, తర్వాత షాంఘై వాళ్ళిద్దరూ. టౌకే రోజూ కప్పులో నూడుల్స్ మీద వేడినీళ్ళు పోసుకుంటూ నా బల్ల దగ్గరికొచ్చి, "ఒన్ వర్డ్ ఓన్లీ వాట్. వై సో హార్డ్?" అనేవాడు. నిజమే, ఒక్క మాటే. ఆ ఒక్క మాట మీద నా ఉద్యోగం, నా పాస్, మా నాన్న ఊళ్ళో నా గురించి చెప్పుకున్న గొప్పలు, అన్నీ వేలాడుతున్నాయి. వందేళ్ళు దాటిన ఒక ఆదివారం, నేను పుట్టని దేశంలో, నన్నిలా వచ్చి పట్టుకుంటుందని ఏ జాతకంలో ఉందో.

ఒక సెలవు రోజు గది నేల మీద పడుకుని పైకప్పు వంక చూస్తుంటే భాయ్ వచ్చి కూర్చున్నాడు.

"ఏందిర భై, గిట్ల పడ్డవ్? అమెరికల ఎవరన్న పోయిన్రా?"

"క్రియాపదం పోయింది భాయ్. ఎంత వెతికినా దొరకట్లేదు."

సంగతంతా విన్నాడు. కాసేపు గంభీరంగా ఆలోచించాడు. "అరె, సీదా బాత్. తీస్కపొయిన్రు అని రాయ్. దొంగతనం గాదు, మర్యాద గాదు. బీచ్ మే, నడిమిట్ల."

బాగుందనిపించి 'తీసుకెళ్ళారు' అని రాశాను. టీచరమ్మకి అందులో అడక్కుండా తీసుకెళ్ళిన వాసన వచ్చింది. "పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకెళ్ళినట్టు రాశావేంటి అబ్బాయ్?" అన్నాడు పెద్దాయన. సరే, మనుషుల్నే తీసేద్దామని 'కచేరీ నది దాటింది' అని రాశాను. "దానికి కాళ్ళున్నయ్యా?" అని ఆయన. "వ్యాకరణం చక్కగా ఉంది ప్రొఫెసర్, నిజం లేదు," అని ఆవిడ. భాయ్ ఇంకో సలహా ఇచ్చాడు: "అల్లా మర్జీ అని రాస్తే?" అతని మీద దిండు విసిరాను.

చివరికి టౌకే ఒక పొద్దున వచ్చి, ఈ శుక్రవారం లోపు సంతకాలు రాకపోతే ఆఫీసు ఉండదని చెప్పాడు. చెప్పి, నా ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ జోడించాడు. "బ్రో, యూ సెటిల్. ఐ బెగ్ యూ." అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అప్పటిదాకా అతని మీద నాకు కోపమే ఉండేది. ఇతను కూడా నాలాగే 'కెన్' అనేసి ఇరుక్కున్నవాడే కదా అని అప్పుడు తట్టింది.

టీచరమ్మనీ పెద్దాయననీ ఒకే ఫోను లైన్లోకి తెచ్చాను. అక్కడే తెలిసింది, ఒక నదికి అటూ ఇటూ ఉంటూ, ఒకే సంఘంలో కూర్చుంటూ, వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుని ఏళ్ళయిందని. స్పీకరు ఫోను మధ్యలో పెట్టుకుని కూర్చున్నాను. టౌకే తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ప్రొఫెసర్, ఆయనకి చెప్పండి, ఆర్డరు కాగితం మా మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉంది," అంది టీచరమ్మ.

"ఆయన వింటున్నారండీ," అన్నాను.

"అబ్బాయ్, ఆవిడకి చెప్పు, ఆ కాగితం మీద తేదీ సోమవారానిది. దోపిడీ జరిగింది ఆదివారం."

"ఆవిడా వింటున్నారండీ."

"దోపిడీ అనే మాట వెనక్కి తీసుకోమనండి."

"ముందు కుర్చీ వెనక్కి ఇమ్మను."

ఇలా ఇద్దరి మాటలూ సింగపూర్ దాకా వచ్చి, నా బల్ల మీద ఒకసారి దొర్లి, మళ్ళీ నది అవతలికి వెళుతున్నాయి. మునిగిన పెట్టె వచ్చింది. శ్మశానం ఓట్లు వచ్చాయి. ముత్తాతలిద్దరూ వచ్చారు. టౌకే గోడకి జారగిలబడి మెల్లగా నేల మీద కూర్చున్నాడు. నాకు ఏమైందో తెలియదు. మధ్యలో నోరు తెరిచాను. "అయ్యా, అమ్మా, నేను ప్రొఫెసర్ని కాను. మోటార్ల గురించి పాఠాలు చెప్పుకునేవాణ్ణి. ఈ శుక్రవారం లోపల మీరిద్దరూ సంతకం పెట్టకపోతే నాకు ఇక్కడ ఉండడానికి కాగితం లేదు. ఇంటికి వెళ్ళిపోవాలి. ఇంటి దగ్గర ఉన్న ఉద్యోగం వదిలేసి వచ్చాను," అన్నాను.  చాలా సిగ్గుగా ఉండింది గాని, ఆపుకోలేకపోయాను.

 ఎవరింట్లోనో కుక్క మొరిగింది. తర్వాత పెద్దాయన దగ్గాడు.

"ముందే చెప్పొచ్చుగదయ్యా."

"ఎలా చెప్పనండీ?"

"ఇట్టాగే. నోటితో." మళ్ళీ దగ్గు. "అబ్బాయ్, ఈ ముక్క తీసేస్తే నీ పని అయిపోద్దా?"

"ఏ ముక్కండీ?"

"ఆ ఆదివారం ముక్క. మొత్తం. ఒకప్పుడు కచేరీ ఇక్కడుండేదని కూడా వద్దు. వదిలెయ్."

 మాట్లాడింది టీచరమ్మ, నాతో కాదు, ఆయనతో. మొదటిసారి నేరుగా. "అదేమిటి? మీ ఊరికి చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే కదా?"

"ఒక్కటే. తెలుసు. ఆ అబ్బాయికి ఉద్యోగమూ ఒక్కటేగా."

 అయితే మా రైల్వే స్టేషను ప్రారంభం పేరా కూడా చాలా పొడుగైంది, అది కాస్త తగ్గిద్దాం అంది టీచరమ్మ. ఆవిడ ఇవ్వగలిగింది ఆవిడ ఇచ్చింది. ఆ తర్వాత వాళ్ళిద్దరూ ఆ స్టేషన్లో అమ్మే వేరుశనక్కాయల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను లైన్లో ఉన్నానన్న సంగతే మరిచిపోయారు. నేను రాసిన చరిత్రలో ఎక్కడా లేని ఊరు ఒకటి అలా వింటూ కూర్చున్నాను. టౌకే లేచి వచ్చి, చప్పుడు చేయకుండా నన్ను కావలించుకున్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. శుక్రవారం సంతకాల కాగితం ఫాక్స్‌లో రావడం మొదలైంది. అదే సమయానికి, ఈ పని డబ్బు వచ్చినా తీరనన్ని బాకీలున్నాయట టౌకేకి, అప్పులవాళ్ళు సామాన్లు పట్టుకుపోవడానికి వచ్చారు. టీచరమ్మ గుండ్రటి అక్షరాలు బయటికొచ్చాయి. పెద్దాయన సంతకం సగం వచ్చింది. ఎవరో ప్లగ్ పీకారు. మిగతా సగం ఆ మెషీను కడుపులోనే ఉండిపోయి, దానితో పాటు లారీ ఎక్కింది. (తరలించారా, ఎత్తుకుపోయారా అని నన్నడక్కండి.) తయారైన పేజీలని టౌకే ఇంకెవరికో ఇచ్చేశాడు, వాళ్ళు ఇంటర్నెట్లో పెట్టుకున్నారని తర్వాత విన్నాను. ఆ సాయంత్రం అతనూ నేనూ ఖాళీ గదిలో నేల మీద కూర్చుని చెరో కప్పు నూడుల్స్ తిన్నాం. "యూ వెరీ గుడ్ హిస్టోరియన్," అన్నాడు. అతను నాకిచ్చిన ఒకే ఒక్క సర్టిఫికెట్ అది, నోటిమాటగా.

వారం తిరగకముందే, నేను పెట్టె సర్దుకుంటుండగా, ఫ్లాట్‌కి ఫోను వచ్చింది. పెద్దాయన. ఆఫీసు ఫోను పలకడం లేదని టౌకే దగ్గర నెంబరు పట్టాడట.

"నీ కాగితం పనైందా అబ్బాయ్?"

"అయిందండీ."

"ఉండనిచ్చారా?"

"ఉండనిచ్చారండీ."

"మంచిది. అయితే మా ఊరు దేనికో ఒకదానికి పనికొచ్చిందన్నమాట," అని నవ్వాడు. దగ్గు వచ్చింది. పెట్టేశాడు.

భాయ్ నా వంక చూస్తున్నాడు. "ఝూట్ ఎందుకు చెప్పినవ్?"

"నిజం చెబితే ఆ ముక్క మళ్ళీ పెట్టమంటాడు. పెట్టడానికి ఎవరున్నారు భాయ్?"

 భాయ్ నా పెట్టెలో మడిచి పెట్టిన చొక్కాలు బయటికి తీసి మళ్ళీ కొక్కేలకి తగిలించడం మొదలుపెట్టాడు. జురాంగ్ ఐలాండ్‌లో వాళ్ళ బావ ఉన్నాడు, పంపులూ మోటార్లూ చూసుకునే వాళ్ళకి మనిషి కావాలట, రేపు నాతో రా అన్నాడు. వెళ్ళాను. వాళ్ళే కొత్త పాస్ తీయించారు. జావా అవసరం రాలేదు. పాలిటెక్నిక్‌లో చెప్పిన ఎలక్ట్రికల్ మెషీన్సే అన్నం పెట్టాయి. అలా ఉండిపోయాను, ఇప్పటిదాకా.

ఈ వారం మా ఆఫీసులో ఒక అమెరికా కుర్రాడు చేరాడు. ఇవాళ మధ్యాహ్నం వాణ్ణి వరసగా తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌కి తీసుకెళ్ళాను. రద్దీగా ఉంటే, జేబురుమాలు వేసి బల్ల ఎలా మనదని ఆపుకోవాలో, అక్కడి మాటలో చోప్ చేసుకోవాలో, నేర్పి, ఇద్దరం చికెన్ రైస్ తెచ్చుకున్నాం. మీదే ఊరని అడిగాను. ఎవరికీ తెలియని ఊరులెండి అన్నాడు. చెప్పమన్నాను. చెప్పాడు. పెద్దూరు.

చెంచా కింద పెట్టాను. "నాటకశాల కాలిపోయాక ఆ స్థలంలో ఏం కట్టారు?" అని అడిగాను. వాడు నా వంక దెయ్యాన్ని చూసినట్టు చూశాడు. పార్కింగ్ అన్నాడు. నాకు మనసు కలుక్కుమంది. మరి పాతూరు కచేరీ సంగతి తెలుసా అన్నాను. "అక్కడ కచేరీ ఎప్పుడుంది? కచేరీ మా ఊళ్ళోనే కదా, మొదట్నుంచీ," అన్నాడు. స్కూల్లో కౌంటీ చరిత్ర గురించి ఏదో వెబ్‌సైట్ చూసి రాసుకునేవాళ్ళట. అందులో అలాగే ఉందట.

అలాగే ఉంటుంది. అలా ఉంచింది నేనే కదా. తిండి చల్లారిపోతుంటే, ఆ ఆదివారం మొదలుపెట్టి మొత్తం చెప్పాను. గుర్రబ్బళ్ళు, నది, పొయ్యి, మంచు కింద మునిగిన పెట్టె, ప్రార్థనకి వెళ్ళిన కాపలాదారు. ఎక్కడా తడుముకోలేదు. వాడు నోరు తెరుచుకుని విన్నాడు. అంతా అయ్యాక, "మరి ఎవరిది న్యాయం?" అన్నాడు.

ఆ నెలల్లో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. అందరూ నన్ను రాయమన్నారు గాని, నీకేమనిపిస్తోందని ఒక్కరూ అడగలేదు. అడిగినా, పాస్ గుర్తొచ్చి, నదికి మధ్యలో నిలబడి ఉండేవాణ్ణి.

"మా వాళ్ళదే," అన్నాను.

"మీ వాళ్ళంటే?"

ఒక్క క్షణం నాకూ అర్థం కాలేదు. "పాతూరు వాళ్ళు," అన్నాను.

వాడు ముఖం ముడుచుకున్నాడు. "అదెలా? ఆర్డరు మా దగ్గరుందని మీరే కదా అన్నారు ఇందాక?" అన్నాడు. మా దగ్గర అన్నాడు! పళ్ళెం ముందు పెట్టుకునే దాకా ఈ గొడవ ఒకటి ఉందనే తెలియనివాడు! నేను ఆర్డరు మీదున్న సోమవారం తేదీ సంగతి ఎత్తాను. వాడు బల్ల మీద చెయ్యి వేసి ముందుకు వంగాడు. పళ్ళేలు తీసే ఆంటీ వచ్చి, "ఫినిష్ ఆల్రెడీ?" అంది. "నాట్ యెట్ ఆంటీ," అన్నాం ఇద్దరం ఒకేసారి, ఆవిడ వంక చూడకుండా. ఆవిడ తల అడ్డంగా ఊపుకుంటూ పక్క బల్లకి వెళ్ళింది.

ఆఫీసుకి ఆలస్యంగా తిరిగొస్తుంటే, పొద్దున్నే ఫోను మోగితే గుండె జారిపోయే ఆ పాతికేళ్ళ కుర్రాడు, అప్పటి నేను, గుర్తొచ్చాడు. రాసింది పోయిందనీ, చేసిందంతా దండగైందనీ వాడు హౌగాంగ్ గదిలో పైకప్పు వంక చూస్తూ ఎంత కుమిలిపోయాడో. పాపం, వాడికి అప్పుడే ఎవరైనా చెప్పి ఉండాల్సింది, కాస్త ఓపిక పట్టరా, ఆ పేరా చేరాల్సిన ఊరివాడి దగ్గరికే చేరుతుంది, వాడు దాన్ని ఒప్పుకోడు గాని, అని. పెద్దాయన ఇప్పటికి ఉండి ఉండడు. ఉండి ఉంటే ఫోను చేసేవాణ్ణి. రేపు మధ్యాహ్నం ఆ అమెరికా కుర్రాడు, వాళ్ళ మ్యూజియం వాళ్ళనడిగి, రుజువులతో వస్తానన్నాడు. రానీ.